మొత్తం కొలెస్ట్రాల్ చూసి మోసపోవద్దు

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. కండలు తేలాలని ఆరు వారాలుగా స్టానోజొలాల్ అనే స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నాను. మొత్తం కొలెస్ట్రాల్ అంతకుముందు 178, ఇప్పుడు 187. రెండొందల లోపే కదా, ఫర్వాలేదంటున్నారు జిమ్ ట్రైనర్. మంచి కొలెస్ట్రాల్ హెచ్‌డీఎల్ మాత్రం 48 నుంచి 19కి పడింది. ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని మరో రకం కొవ్వు) అప్పుడూ ఇప్పుడూ 90. చేపనూనె క్యాప్సూల్స్ వేసుకుంటే చాలా?

జవాబు: చాలదు. మొత్తంలోంచి హెచ్‌డీఎల్‌నూ, ట్రైగ్లిజరైడ్లలో ఐదో వంతునూ తీసేస్తే చెడు కొలెస్ట్రాల్ ఎల్‌డీఎల్ వస్తుంది. అప్పుడు 178లోంచి 48, 18 పోగా 112. ఇప్పుడు 187లోంచి 19, 18 పోగా 150. మంచిది 29 తగ్గింది, చెడ్డది 38 పెరిగింది. పైకి కనిపించే తేడా మాత్రం తొమ్మిదే! మీ ట్రైనర్ చూసింది ఆ తొమ్మిదినే.

నోటి ద్వారా వేసుకునే స్టెరాయిడ్లను కాలేయం వెంటనే విరిచేయకుండా రసాయనికంగా మార్చి తయారుచేస్తారు. అవి కాలేయంలో హెపాటిక్ లైపేజ్ అనే ఎంజైమును రెచ్చగొడతాయి. హెచ్‌డీఎల్ రేణువులను కరిగించేది అదే. 1989లో వెలువడిన ఒక అధ్యయనంలో బరువులెత్తే 11 మంది పురుషులకు ఆరు వారాలు రోజుకు 6 మిల్లీగ్రాముల స్టానోజొలాల్ ఇస్తే హెచ్‌డీఎల్ 33 శాతం తగ్గింది, ఎల్‌డీఎల్ 29 శాతం పెరిగింది. వాళ్లకే వారానికి 200 మిల్లీగ్రాముల టెస్టోస్టిరాన్ ఇంజెక్షను ఇచ్చినప్పుడు హెచ్‌డీఎల్ తగ్గింది 9 శాతమే. టెస్టోస్టిరాన్‌లో కొంత శరీరంలో ఈస్ట్రోజన్‌గా మారి దెబ్బను తగ్గిస్తుంది. స్టానోజొలాల్ అలా మారదు. అలాగని ఇంజెక్షనుకు మారమని కాదు. అది రక్తాన్ని చిక్కబరుస్తుంది.

చేపనూనె తగ్గించేది ట్రైగ్లిజరైడ్లను. మీకవి బాగానే ఉన్నాయి. హెచ్‌డీఎల్ పెంచుతుందని నియాసిన్ (బి3 విటమిన్) జోలికి అసలు వెళ్లొద్దు, కాలేయానికి మరో బరువు. చేయాల్సింది మాత్రలు మానేయడమే. హెచ్‌డీఎల్ కొన్ని వారాల నుంచి నెలల్లో కోలుకుంటుంది. మూడు నెలలకు లిపిడ్ ప్రొఫైల్‌తో పాటు కాలేయ పరీక్షలు, హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం), బీపీ చూపించుకోండి. పరీక్షకు వారం ముందు నుంచి బరువులెత్తకండి. కండరాల అలసటకే కాలేయ పరీక్షల్లో చూసే ఏఎస్‌టీ, ఏఎల్‌టీ ఎంజైములు పెరుగుతాయి. అనుమానముంటే జీజీటీ అనే మరో కాలేయ ఎంజైము పరీక్ష కూడా చేయిస్తే కాలేయమా, కండరమా తేలుతుంది. మానేశాక నీరసం, లైంగిక కోరిక తగ్గడం ఉంటే ఎండోక్రైనాలజిస్టును (హార్మోన్ల వైద్యుడిని) కలవండి. కళ్లు పచ్చబడినా, ఛాతీలో నొప్పి వచ్చినా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

ప్రశ్న: నా వయసు 52. నెలసరి ఆగాక ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ మాత్రలు వాడుతున్నాను. హెచ్‌డీఎల్ పెరిగింది గానీ ట్రైగ్లిజరైడ్లు 190 నుంచి 430కి చేరాయి. రిపోర్టులో ఎల్‌డీఎల్ ఇవ్వనే లేదు. ఎందుకని?

జవాబు: ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే పైన చెప్పిన లెక్క నిలవదు. ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలిచే పరీక్ష చేయించండి. మింగిన ఈస్ట్రోజన్ పేగుల నుంచి ముందుగా కాలేయానికే చేరి, కొవ్వును ఎక్కువగా రక్తంలోకి వదిలేలా చేస్తుంది. చర్మానికి అంటించే పట్టీ లేదా పూసే జెల్ రూపంలో అయితే ఈ పెరుగుదల చాలా తక్కువ. మార్చమని డాక్టరుగారిని అడగండి. పనిలో పనిగా షుగరు, థైరాయిడ్ చూపించుకోండి. హెచ్‌డీఎల్ పెరిగిందని గుండెకు రక్షణ దొరికినట్టు కాదు. 2002లో వెల్లడైన విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ అనే అమెరికా అధ్యయనం ఫలితాల్లో ఈ రెండు హార్మోన్ల కలయిక గుండెజబ్బును ఆపలేదు.

గర్భసంచి ఉంటే ప్రొజెస్టిరాన్‌ను మాత్రం సొంతంగా ఆపకండి, లోపలి పొర మందమవుతుంది. ట్రైగ్లిజరైడ్లు 500 దాటితే పాంక్రియాస్ (క్లోమ గ్రంథి) వాపు భయం మొదలవుతుంది. పైకడుపులో పుట్టి వీపుకు పాకే తీవ్రమైన నొప్పి దాని గుర్తు.