అమెరికా నుంచి జర్మనీకి: ముందు పోస్ట్ డబ్బా మీద పేరు

గ్రీన్‌కార్డు వరసలో మన వంతు ఎప్పటికొస్తుందో లెక్క తేలక, అమెరికాలో ఆరేడేళ్లు చేసి జర్మనీకి మారే తెలుగు కుటుంబాలున్నాయి. వీళ్ల సందేహాలు హైదరాబాదు నుంచి నేరుగా దిగేవాళ్ల సందేహాల్లా ఉండవు. ఒక పరాయి దేశం చూసేశాం, ఇంకొకటి ఎంతలే అన్న ధీమా ఉంటుంది. చిక్కంతా ఆ ధీమాతోనే. అక్కడ క్రెడిట్ స్కోరు, ఈమెయిలు, కారు ఉంటే బండి నడుస్తుంది. ఇక్కడ నడిపించేది కాగితం, అదీ పోస్టులో వచ్చే కాగితం.

బయల్దేరే ముందు తేల్చుకోవాల్సినవి రెండున్నాయి. అమెరికా పాస్‌పోర్టు ఉన్నవాళ్లు వీసా లేకుండా వచ్చి, ఇక్కడే రెసిడెన్స్ పర్మిట్‌కు పెట్టుకోవచ్చు. ఇండియన్ పాస్‌పోర్టుకు ఆ వెసులుబాటు లేదు, అమెరికాలో ఎన్నేళ్లున్నా సరే. పిల్లలు అక్కడ పుట్టినవాళ్లయితే వాళ్లకు వీసా అక్కర్లేదు గానీ, అమ్మానాన్నలు మాత్రం తాముండే రాష్ట్రానికి సంబంధించిన జర్మన్ కాన్సులేట్‌లో నేషనల్ వీసా తీసుకునే విమానం ఎక్కాలి. రెండోది సర్టిఫికెట్లు. పిల్లల బర్త్ సర్టిఫికెట్ మీద, వాళ్లు పుట్టిన రాష్ట్రపు సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసు నుంచి అపోస్టిల్ (కాగితం అసలైనదేనని వేరే దేశానికి చెప్పే ముద్ర) వేయించుకుని తెచ్చుకోండి. ఇండియాలో వేయించిన అపోస్టిల్‌ను జర్మనీ గుర్తించదు. అందుకని పెళ్లి సర్టిఫికెట్‌కు ఏం కావాలో వెళ్లబోయే ఊరి ఆఫీసును ముందే మెయిల్లో అడగడం మేలు.

ఇంట్లో దిగాక రెండు వారాల్లోగా ఊరి ఆఫీసులో పేరు నమోదు చేయించుకోవాలి. దీన్నే ఆన్‌మెల్డుంగ్ అంటారు. రెంట్ అగ్రిమెంట్ చూపిస్తే చాలనుకుని వెళ్లి వెనక్కి తిరిగొచ్చేవాళ్లు చాలామంది. అక్కడ అడిగేది "వీళ్లు ఫలానా తేదీన నా ఇంట్లో దిగారు" అని ఓనరు సంతకం పెట్టిన వేరే కాగితం. తాళాలు తీసుకునే రోజే దాన్నీ అడిగి తీసుకోండి. నమోదు ఫారంలో మతం గడి ఒకటి ఉంటుంది. కాథలిక్ అనో ప్రొటెస్టెంట్ అనో నింపితే చర్చి పన్ను మొదలవుతుంది: బవేరియా, బాడెన్-వుర్టెంబర్గ్‌లలో ఇన్‌కమ్ టాక్స్ మీద 8 శాతం, మిగతా చోట్ల 9 శాతం. మన క్రైస్తవ కుటుంబాలు ఆ గడిని తెలిసి నింపాలి, తెలియక కాదు.

ఇక పోస్ట్ డబ్బా. జర్మనీ అడ్రసులో ఫ్లాట్ నంబరు మామూలుగా ఉండదు. వీధి, ఇంటి నంబరు, ఆ తర్వాత డబ్బా మీద ఉన్న ఇంటిపేరు చూసే పోస్ట్‌మాన్ ఉత్తరం వేస్తాడు. పేరు కనబడకపోతే పంపినవాళ్లకే వెనక్కి పోతుంది. నమోదైన కొన్ని వారాలకు టాక్స్ నంబరు వచ్చేది ఈ డబ్బాలోకే. బ్యాంకు కార్డు ఒక కవర్లో, పిన్ ఇంకో కవర్లో వస్తాయి. హెల్త్ ఇన్సూరెన్స్ కార్డూ అంతే. టాక్స్ నంబరు కంపెనీకి ఇవ్వడం మరీ ఆలస్యమైతే అన్నిటికంటే ఎక్కువ పన్ను పట్టే ఆరో టాక్స్ క్లాస్ కింద జీతంలో పెద్ద కోత పడుతుంది. రిటర్న్ వేస్తే అది తిరిగొస్తుంది గానీ, కొత్త కాపురానికి అన్ని నెలలు ఆగడం కష్టమే.

ఇక్కడ మన పేర్లతో ప్రత్యేకమైన తలనొప్పి ఉంది. భర్తది ఒక ఇంటిపేరు, భార్య పాస్‌పోర్టులో పుట్టింటి పేరు, పిల్లలకు తండ్రి సొంతపేరే సర్‌నేమ్. ఒకే ఇంట్లో మూడు పేర్లన్నమాట. మూడింటినీ డబ్బా మీదా, కింద గుమ్మం దగ్గరి బెల్లు మీదా రాయాలి. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉన్నవాళ్లు, నమోదు కాగితంలో పేరు ఎలా పడిందో ఆ అక్షరాలే అంటించుకోవాలి. పేపరు ముక్క మీద పెన్నుతో రాసి టేపు వేసినా మొదటి రోజుకు చాలు. నేమ్‌ప్లేటు తర్వాత వస్తుంది.

మొదటి ఉత్తరాల్లోనే టీవీ-రేడియో ఫీజు నోటీసు కూడా ఉంటుంది, నెలకు 18.36 యూరోలు. "మాకు టీవీ లేదు కదా" అంటే కుదరదు. అది ఇంటికి పడే ఫీజు, టీవీకి కాదు. మనిషికి కూడా కాదు కాబట్టి, ఒకే ఇంట్లో నలుగురు అద్దెకుంటే ఒకరు కడితే చాలు. మిగతా ముగ్గురూ ఆ ఒక్కరి ఫీజు ఖాతా నంబరు రాసి జవాబు పంపాలి. పట్టించుకోకపోతే బాకీ పేరుకుంటుంది.

ఇల్లు వెతికేటప్పుడు గదుల లెక్క జాగ్రత్త. "3 గదులు" అని ప్రకటన ఉంటే హాలు కూడా అందులోనే, అంటే మన లెక్కలో టూ బీహెచ్‌కే. చాలా ఇళ్లలో వంటగది ఖాళీగా, నీళ్ల పైపూ కరెంటు తీగా మాత్రమే బయటికి కనిపిస్తూ ఉంటుంది. స్టవ్వు, సింకు, అల్మరాలు మనమే కొనాలి, లేదా పాత అద్దెదారు దగ్గర తీసుకోవాలి. హీటింగ్, నీళ్లు కలపని అద్దెను చల్ల అద్దె అంటారు, కలిపినదాన్ని వెచ్చటి అద్దె. అడ్వాన్సు మూడు నెలల చల్ల అద్దెను మించకూడదని చట్టం. దాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కు కూడా మనకుంది.

సామాన్లు షిప్పింగ్‌లో వేసేముందు ప్రతి వస్తువు అడుగునా ఉన్న ప్లేటు చదవండి. 100-240 వోల్టులని ఉంటే లాప్‌టాప్ చార్జర్లలాగా హాయిగా పనిచేస్తుంది. 110-120 అని మాత్రమే ఉన్న అమెరికా మిక్సీని ఇక్కడి 230కి పెడితే క్షణంలో కాలిన వాసన వస్తుంది. 750 వాట్ల మిక్సీకి ట్రాన్స్‌ఫార్మర్ కొనాలంటే దానికి రెట్టింపు సామర్థ్యం కావాలి. బరువూ, మోతా, ఖర్చూ. రైస్ కుక్కరుతో సహా అక్కడే అమ్మేసి రావడం నయం. ఇండియా మిక్సీ, గ్రైండరు మాత్రం నిక్షేపంగా నడుస్తాయి, ప్లగ్గు ఒక్కటే తేడా. రెండు పిన్నుల చవక అడాప్టరు పెడితే ఎర్త్ తెగిపోతుంది. స్టీలు డ్రమ్ము గ్రైండరుకు అది ప్రమాదం. పక్కన ఇత్తడి పట్టీలున్న ఎర్త్ అడాప్టరే వాడండి. ఇండక్షన్ స్టవ్వున్న ఇల్లయితే గిన్నె అడుగుకు అయస్కాంతం అంటుకోవాలి. అల్యూమినియం ప్రెషర్ కుక్కరు పనికిరాదు.

బూజు గురించి ఒక మాట. అమెరికా ఇళ్లలో సెంట్రల్ ఏసీ గాలి తిప్పుతూనే ఉంటుంది. ఇక్కడ కిటికీయే దిక్కు. ఇడ్లీ ఆవిరి, మూత లేని చారు, గదిలో ఆరేసిన బట్టలు, ఇవన్నీ కలిసి చలికాలంలో చల్లటి గోడ మూల నీరై దిగుతాయి. వారాల్లో నల్ల మచ్చలు మొదలవుతాయి. కిటికీ పైభాగాన్ని కాస్త లోపలికి వాల్చి రోజంతా వదిలేస్తే గోడ ఇంకా చల్లబడుతుంది, బూజు ఎక్కువవుతుంది. హీటరు తగ్గించి, కిటికీలు పూర్తిగా బార్లా తెరిచి ఐదు పది నిమిషాలు ఉంచి మూసేయాలి. రోజుకు రెండుసార్లు, వంటయ్యాక ఇంకోసారి. ఇది చేయలేదని తేలితే రిపేరు ఖర్చు అడ్వాన్సులోంచి పోవచ్చు.

"ప్రైవేట్ హెల్త్ ఇన్సూరెన్స్ చవకంటున్నారు, తీసుకోమా?" ముప్పై ఏళ్ల ఒంటరికి చవకే. కానీ దాంట్లో భార్యకో లెక్క, ప్రతి పిల్లకో లెక్క. ప్రభుత్వ ఇన్సూరెన్సులో సంపాదన లేని భార్య, పిల్లలు అదనపు రుసుం లేకుండా చేరతారు. ఒకసారి ప్రైవేటుకు వెళ్లాక వెనక్కి రావడం కష్టం, 55 దాటితే దాదాపు తలుపు మూసినట్టే. కుటుంబం ఉన్నవాళ్లు ప్రభుత్వ ఇన్సూరెన్సులోనే ఉండటం మంచిదని మా అభిప్రాయం.

అమెరికా డ్రైవింగ్ లైసెన్సు ఇక్కడ ఆరు నెలలే చెల్లుతుంది. టెక్సాస్ లైసెన్సును పరీక్ష లేకుండా మార్చుకోవచ్చు. కొన్ని రాష్ట్రాలవాళ్లు రాత పరీక్ష రాయాలి, ఇంకొన్నిటికి రాత, డ్రైవింగ్ పరీక్షలు రెండూ తప్పవు. ఇండియా లైసెన్సుకూ రెండూ తప్పవు. రోడ్డు మీద మీ అమెరికా అలవాటు దెబ్బతీసేది రెండుచోట్ల: ఎర్ర లైటు మీద కుడికి తిరగకూడదు, పక్కన ఆకుపచ్చ బాణం బోర్డు ఉంటే తప్ప. బోర్డులేమీ లేని కూడలిలో ముందొచ్చినవాడిది కాదు, కుడివైపు నుంచి వచ్చేవాడిదే దారి.

అమెరికా పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు అక్కడ రిటర్న్ వేస్తూనే ఉండాలి. అమెరికా బయటి ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఒక్క రోజు 10,000 డాలర్లు దాటినా ఎఫ్‌బార్ (బయటి ఖాతాల వివరాలు అమెరికా ప్రభుత్వానికి చెప్పే ఫారం) వేయాలి. అక్కడ పుట్టిన పిల్లల పేరిట ఇక్కడ సేవింగ్స్ ఖాతా తెరవబోతే కొన్ని బ్యాంకులు కాదంటాయి. అమెరికా పౌరుల ఖాతాల వివరాలు బ్యాంకులు కూడా విడిగా అందజేయాల్సి రావడమే (ఫాట్కా చట్టం) దానికి కారణం.

పసుపు కవర్లో ఉత్తరం వస్తే పక్కన పెట్టొద్దు. జరిమానాలు, కోర్టు నోటీసులు అలా వస్తాయి. పోస్ట్‌మాన్ డబ్బాలో వేసిన తేదీని కవరు మీద రాస్తాడు, గడువు ఆ తేదీ నుంచే నడుస్తుంది, మీరు ఇంట్లో ఉన్నా విజయవాడలో ఉన్నా. ట్రాఫిక్ జరిమానాకు అభ్యంతరం చెప్పడానికి రెండు వారాలే. సంక్రాంతికి నెల రోజులు ఊరెళ్తుంటే డబ్బా తాళం నమ్మకమైన వాళ్లకిచ్చి, పసుపు కవరు కనిపిస్తే ఫోటో పంపమనండి. గడువు దాటాక తిరిగొచ్చారా, వారంలోగా విమానం టికెట్లు జతచేసి అభ్యంతరం, ఆలస్యానికి కారణం రెండూ రాయవచ్చు. ఖాళీ కవరును మాత్రం పారేయకండి, లోపలి కాగితంతో కలిపి పిన్ను కొట్టి ఉంచండి. తేదీ ఉండేది కవరు మీదే.