కోతలప్పుడొచ్చిన యుద్ధం

పాలకొల్లు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

మీ తాతగారి మీద నువ్వు రాసిన కథ రెండుసార్లు చదివాను. చెయ్యి తిరుగుతోంది, అనుమానం లేదు. కానీ యుద్ధానికి ఆరు పేజీలిచ్చి మామ్మకి ఒక్క వాక్యం విదిల్చావు. ఆవిడ కన్నీళ్లతో ఎదురుచూసిందట! 1971 డిసెంబరు 3న పాకిస్తాన్‌తో యుద్ధం మొదలై 16న ఢాకాలో లొంగుబాటు జరిగేదాకా మన డెల్టాలో సార్వా వరి కోతలూ కుప్పలూను. ఏడుస్తూ కూర్చునే తీరికెక్కడిది? పనలు కట్టించాలి, కుప్ప వేయించాలి, కూలీలకి కొలవాలి, మబ్బు పట్టిందేమోనని చూసుకోవాలి. చంకలో మీ నాన్న. ఇవన్నీ ఎలా నెట్టుకొచ్చిందో అడిగావా? ఎదురుగా కూర్చుని అడిగితే చెప్పదు. బియ్యంలో రాళ్లు ఏరుతున్నప్పుడు నువ్వూ ఒక చేట పట్టుకుని పక్కన చేరు.

ఉత్తరాల సంగతి ఎత్తుకుని వదిలేశావు. అడ్రసులో ఊరుండదు, 99 ఏపీవో అనే ఉంటుంది, అది పట్టాళం తపాలా ఆఫీసు నంబరు. మొగుడు ఎక్కడున్నాడో తెలియక ఒక అంకెకి ఉత్తరాలు రాసిన మనిషమ్మా ఆవిడ. అక్కడ ఒక పేజీ ఆగు.

నీ వయసులో నేనూ ఇలాంటి కథే రాశాను. తూటాలు, నెత్తురు, జెండా. ఆ యుద్ధం నుంచి తిరిగొచ్చిన మా చినమావయ్య చదివి, "ఇన్ని పేజీల్లో ఒక్కసారైనా కాళ్లు నానలేదేంట్రా?" అన్నాడు. అని పడక్కుర్చీలో అటు తిరిగి పడుకున్నాడు. ఆ కథని ఏ పత్రికకీ పంపలేదు. ఆ యుద్ధం జరిగిన తూర్పు బెంగాలూ మనలాంటి నేలే కదా: ఏర్లు, బురద, వరి. మన సార్వాలాంటి వాళ్ల అమన్ వరి కోతకొచ్చేదీ ఆ రోజుల్లోనే. ఇక్కడ తన చేను కోతలో ఉండగా, అక్కడ ఇంకొకడి చేలో బూట్లతో దిగిన రైతు మీ తాత. పండిన చేలో అడుగెలా పడింది? గట్టు వెతుక్కున్నాడా? ఆయన చెప్పకపోతే నువ్వు అల్లకు, ప్రశ్నలాగే ఉంచెయ్.

కొన్ని తప్పులున్నాయి. ఆ ఏడు స్వర్ణ రకం వరి కోశారన్నావు. స్వర్ణ మార్టేరు వరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చింది 1982లో. అప్పటి విత్తనమేదో మామ్మనే అడుగు. ఊరు ఊరంతా పట్టాళంలో చేరినట్టు రాశావు. అది తాడేపల్లిగూడెం దగ్గరి మిలటరీ మాధవరం సంగతి. మీ ఊళ్లో వెళ్లింది ఈయనొక్కడే, ఆ మాటలు కలబోసుకోవడానికి అరుగు మీద ఇంకో సిపాయి లేడు. తూము చూసేవాణ్ని కాలువ ఉద్యోగి అనకు, లస్కరు అను. లష్కర్ అంటే పార్శీలో సైన్యం. పింఛను సిపాయి వంతు నీళ్ల కోసం లస్కరుతో దెబ్బలాడ్డం నీకు ఉచితంగా దొరికింది, వదులుకోకు.

ఏటా నవంబరులో బ్యాంకుకెళ్లి, బతికే ఉన్నానని రుజువిచ్చి వస్తాడని ఫోన్లో నవ్వుతూ చెప్పావు. కథలో లేదేం? చేను పండి, తుపాను కబురొచ్చి, కూలీలు దొరకని నెలలో ఆ వరసలో నిలబడతాడు. ఈసారి నువ్వూ వెంట వెళ్లు. కొడవలి పట్టి అరిగిన వేళ్లు, ముద్ర ఎన్నోసారికి పడుతుందో చూడు.

మామ్మకి నా నమస్కారాలు. తిరగరాసేటప్పుడు ట్రంకుపెట్టె పేరా తీసెయ్, సిపాయి తాతలందరికీ అదొకటి ఉంటుంది.