బల్లార్షా నుంచి రెండు రైళ్ళు

ప్రశ్న: అక్కా, మా పాపకి పన్నెండేళ్ళు. రెండేళ్ళుగా ఇంటికి రాగానే స్కేట్‌బోర్డు ఎక్కేస్తుంది. మా కాలనీలో నున్నటి సిమెంటు రోడ్డు ఒక్క సందు వరకే ఉంది. సెలవుల్లో మంచి స్కేట్‌పార్కు ఉన్న ఊరికి తీసుకెళ్ళమని అడుగుతోంది. మా ఆయనది గనిలో షిఫ్టు డ్యూటీ, ఏడాదికి ఒక్క ప్రయాణమే కుదురుతుంది. దేశం మొత్తంలో ఎక్కడికి వెళ్తే బాగుంటుంది? ఆడపిల్లని అలాంటి చోట ఆడనిస్తారా?
– ఒక తల్లి, రాజురా, చంద్రపూర్ జిల్లా

జవాబు: మీరు చివర అడిగినదానికే ముందు చెప్తాను చెల్లీ. ఆడనివ్వడం దాకా ఎందుకు, ఆడపిల్లలకే మొదటి హక్కు ఇచ్చిన పార్కు ఒకటుంది. మధ్యప్రదేశ్‌లో పన్నా పక్కన జన్వార్ అనే పల్లె. జర్మనీ నుంచి వచ్చిన ఉల్రికే రైన్‌హార్డ్ అనే ఆవిడ 2015లో ఆ ఊళ్ళో కాంక్రీటు స్కేట్‌పార్కు తెరిచారు. అక్కడ రెండు నియమాలు. బడికి వెళ్ళని పిల్లలకి బోర్డు లేదు. ఆడపిల్లలు ముందు. అంటే అబ్బాయి చేతిలో ఉన్న బోర్డు అమ్మాయి అడిగితే ఇచ్చేయాలి. నేను వెళ్ళింది నాలుగేళ్ళ కిందట, దీపావళి సెలవుల్లో. ఎనిమిదేళ్ళ పిల్ల ఒకతి చెప్పులు కూడా లేకుండా ర్యాంపు అంచు మీద నిలబడి, నా వైపు చూసి "మీకు దిగడం వచ్చా?" అని హిందీలో అడిగింది. నాకు వచ్చు. అయినా ఆ పూట దాని వెనకే దిగాను.

ఆ ఊరి ఆశా గోండ్ 2018లో చైనాలోని నాన్జింగ్‌లో జరిగిన ప్రపంచ పోటీలో మన దేశం తరఫున ఆడింది. ఆ ఇంటిపేరు వినగానే మన వాళ్ళకి పరిచయం లేని పేరులా అనిపించదు. బల్లార్షా కోట గోండు రాజులదే కదా. మీ పాపకి ఈ సంగతి తప్పకుండా చెప్పండి.

దారి కూడా తేలికే. రాజురా నుంచి వార్ధా నది దాటితే బల్లార్షా జంక్షన్. సంఘమిత్ర ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నాగపూర్, ఇటార్సీ, జబల్‌పూర్ మీదుగా సత్నాలో దిగుతారు. అక్కడి నుంచి పన్నాకి బస్సు ఉంటుంది. పన్నాలో గది తీసుకుని ఆటోలో వెళ్ళి రావచ్చు. పార్కు తెరిచి ఉండే వేళలు ముందే కనుక్కుని టికెట్ తీసుకోండి. వేసవి సెలవుల్లో మాత్రం వద్దు. మే నెల చంద్రపూర్ ఎండ ఎలా ఉంటుందో మీకు తెలుసు, పన్నాలోనూ అంతే. ఆ కాంక్రీటు మీద అరచెయ్యి ఆనితే బొబ్బ లేస్తుంది. వానల్లో నున్నటి కాంక్రీటు జారుతుంది. దీపావళి నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం.

అదే బల్లార్షాలో దక్షిణం వైపు వెళ్ళే కేరళ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తిరువనంతపురం చేరతారు. కోవళం అక్కడికి దగ్గరే. బడి మానేసిన పిల్లల కోసం పనిచేసే ఒక సంస్థ అక్కడ సర్ఫింగ్, స్కేటింగ్ రెండూ నేర్పుతుంది. అక్కడా చదువుతో ముడిపెట్టిన నియమమే ఉంది. వాళ్ళ పిల్లలు ఆడుతుంటే పక్కన కూర్చుని చూడడమే ఒక పాఠం. కోవళానికైతే డిసెంబరు, జనవరి నెలలు బాగుంటాయి.

రాజస్థాన్‌లో ఉదయ్‌పూర్ దగ్గర ఖేమ్‌పూర్ అనే పల్లెలో ఒక సినిమా కోసం పెద్ద పార్కు కట్టారు. షూటింగ్ అయ్యాక కూల్చకుండా పిల్లలకే ఇచ్చేశారు. మీకు అది దూరాభారం. హైదరాబాద్‌లో వాల్‌రైడ్ పార్కు, నవీ ముంబైలో నేరుళ్ పార్కు ఉన్నాయి, చుట్టాల ఇళ్ళకి వెళ్ళినప్పుడు చూడొచ్చు. ఒక్క ప్రయాణమే అన్నారు కాబట్టి నేనైతే జన్వార్‌కే వెళ్ళమంటాను. పెద్ద ఊరి పార్కులో మీ పాప ఆడేవాళ్ళని చూసి బెదరొచ్చు. జన్వార్‌లో తనలాంటి పిల్లలే కనిపిస్తారు. మన మహారాష్ట్ర అమ్మాయి, పూణెకి చెందిన శ్రద్ధా గైక్వాడ్, 2022 జాతీయ క్రీడల్లో స్కేట్‌బోర్డింగ్‌లో బంగారు పతకం తెచ్చింది. ఈ ఆట మన పిల్లలకి అందనిదేమీ కాదు.

హెల్మెట్, మోకాలి ప్యాడ్లతో పాటు మణికట్టు గార్డులు కూడా కొనండి. ఇరవై రెండేళ్ళప్పుడు అవి లేకుండా బౌల్‌లోకి, అంటే పార్కులో గిన్నెలా ఉండే కాంక్రీటు గుంటలోకి, దిగి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. ఆరు వారాలు ఎడమ చేత్తో అన్నం తిన్నాను. పడేటప్పుడు ఎవరైనా ముందు చెయ్యే పెడతారు.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో బోర్డు తెప్పించాను. చక్రాలు 52 మి.మీ., 99ఏ అని రాసి ఉంది. మా రోడ్డు మీద చిన్న రాయి తగిలినా ఆగిపోతుంది, నేను ముందుకి పడుతున్నాను. బోర్డు మంచిది కాదా?
– పదో తరగతి విద్యార్థి, సిరొంచ

జవాబు: బోర్డు బాగానే ఉంది తమ్ముడూ, ఆ చక్రాలు పార్కు కోసం చేసినవి. 99ఏ అంటే బాగా గట్టివి. నున్నటి నేల మీద జోరుగా పోతాయి, గరుకు రోడ్డు మీద ప్రతి రాయినీ కాళ్ళకి చెప్తాయి. ఒకప్పుడు చక్రాలు మట్టితో చేసేవాళ్ళు, అవీ ఇలాగే ఆగిపోయేవి. 1970ల మొదట్లో ఫ్రాంక్ నాస్‌వర్తీ అనే అమెరికా కుర్రాడు పాలీయురెథేన్ అనే ఒక రకం ప్లాస్టిక్ చక్రాలు అమ్మడం మొదలుపెట్టాకే మామూలు రోడ్ల మీద ఈ ఆట సాగింది. నువ్వు 78ఏ మెత్తదనం, 58 లేదా 60 మి.మీ. సైజు చక్రాలు తీసుకో. బోర్డు ఒరిగినప్పుడు పెద్ద చక్రం చెక్కకి రాసుకుని టక్కున ఆగుతుంది, అందుకని ట్రక్కులకీ (చక్రాలు బిగించే ఇరుసులు) చెక్కకీ మధ్య ఎత్తు పెంచే రైజర్ ప్యాడ్లు వేయించు. పాత చక్రాలు పారేయకు, పార్కుకి వెళ్ళిన రోజు పనికొస్తాయి. ప్రాణహిత ఇసుక బేరింగుల్లో చేరితే గరగర శబ్దం వస్తుంది. ఇంట్లో పెద్దవాళ్ళని పక్కన పెట్టుకుని కిరోసిన్‌లో కడిగి, ఆరాక కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు వెయ్యి. కొబ్బరినూనె వద్దు, జిగురుకి దుమ్ము అంటుకుంటుంది. వంతెన మీద నున్నగా ఉందని మాత్రం దిగకు. లారీలు వస్తుంటాయి.

ప్రశ్న: బరంపురం వైపు ఉండే మాకు జన్వార్ చాలా దూరం. సముద్రం వెంట ఏదైనా ఉందా?
– ఒక కాలేజీ విద్యార్థిని, గంజాం జిల్లా

జవాబు: చెన్నై రైలెక్కి, అక్కడి నుంచి మహాబలిపురం బస్సు పట్టమ్మా. మత్స్యకారుల ఇంటి పిల్ల కమలి మూర్తి చెప్పుల్లేకుండా, గౌను వేసుకుని ర్యాంపు దిగుతున్న ఫొటోని అమెరికా స్కేటింగ్ దిగ్గజం టోనీ హాక్ పంచుకున్నాక ఆ ఊరి పేరు స్కేటర్లందరికీ తెలిసింది. కార్తీక మాసంలో ఆ తీరాన వానలు గట్టిగా పడతాయి, సంక్రాంతి దాటాక వెళ్ళు. పొద్దున్నే, ఎండ ఎక్కకముందే బోర్డు తీయి.