కమాన్లు పీకే ముందు

అల్లుడూ,

నీ ఎడారి బండి వెనక సస్పెన్షన్ ఫొటోలు చూశాను. హౌసింగ్ (వెనక యాక్సిల్ తిరిగే ఇనుప గొట్టం) కింద పడుకుని తీసినట్టున్నావు, కమాన్ పట్టీల మధ్య ఇరుక్కున్న ఇసుక కూడా కనబడుతోంది. ఈ కమాన్లు, అదే ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల స్ప్రింగులు, పీకి పారేసి, హౌసింగ్‌ను ఛాసిస్‌కి పట్టే నాలుగు రాడ్లు (లింకులు), షాకప్ చుట్టూ స్ప్రింగు ఉండే కాయిలోవర్లు వేసేద్దామని నీ తొందర. వేద్దువుగాని. ముందు నాకొకటి చెప్పు. నువ్వు తోలేది మెత్తటి ఇసుక దిబ్బల మీదా, లేక బండ్లు తిరిగి తిరిగి వరసగా గుంటలు పడిన గట్టి దారుల మీదా? దిబ్బల మీద బరువు తక్కువుండాలి, చక్రం నేలను వదలకూడదు. గుంటల దారిలో గంటల తరబడి దెబ్బలు తినే ఓపిక ఉండాలి. రెండింటికీ ఒకే మందు లేదు.

కమాన్‌ను చులకన చేయకు. అది ఒక్కతే మూడు పనులు చేస్తుంది: బరువు మోస్తుంది, హౌసింగ్ ఎటూ జరగకుండా పట్టుకుంటుంది, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు హౌసింగ్ వెనక్కి తిరగబోతే ఆపుతుంది. మొదటి రెండూ బాగానే చేస్తుంది. మూడోదాంట్లోనే తడబడుతుంది. గట్టిగా తొక్కితే పట్టీ పాములా మెలిపడి, ఇంజిన్ బలం తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ వచ్చి కలిసే క్రౌన్ మూతి పైకి లేస్తుంది. టైరు జారగానే ఆ మెలి ఒక్కసారిగా విడిపోతుంది, మళ్లీ బిగుస్తుంది. వెనకభాగం దడదడలాడుతుందని రాశావే, అది ఇదే. దానికి కమాన్ మార్చక్కర్లేదు. హౌసింగ్ నుంచి ఛాసిస్ అడ్డ కమ్మీకి ఒక ట్రాక్షన్ బార్, అంటే ఆ మెలిని ఆపే రాడ్, వేస్తే చాలు. కాకపోతే దాని ముందు కొసన చిన్న షాకిల్, అంటే ఊగే కీలు, ఉండాలి. రెండు కొసలూ బిగించేస్తే సస్పెన్షన్ కదలక ఎక్కడో ఒక బ్రాకెట్ ఊడుతుంది.

కమాన్‌లో అసలు సంగతి పొడుగు. పొట్టి పట్టీ ఎక్కువ వంగితే అలిసిపోతుంది. చిన్న పికప్‌ల కింద షెవ్రొలే పెద్ద పికప్‌ల 63 అంగుళాల కమాన్లు వేసుకోవడం ఎడారి బండ్లవాళ్లకి పాత అలవాటు, అది ఊరికే వచ్చింది కాదు. మందం పట్టీలు మూడు పెట్టే బదులు పల్చటివి ఎక్కువ పెట్టు, మెత్తగా ఊగుతుంది. ఇనుము మీద ఇనుము రాసుకుంటే చిన్న గతుకులకి కమాన్ కదలనే కదలదు, అందుకని కొసల్లో ప్లాస్టిక్ బిళ్లలు పెట్టు. కమాన్ వెనక కొసని ఛాసిస్‌కి తగిలించే షాకిల్ ఎటు వాలిందో బండి బరువు మీద చూడు. కమాన్ చదునైనకొద్దీ పొడుగు పెరిగి షాకిల్‌ను వెనక్కి నెడుతుంది. నీ మూడో ఫొటోలో అది ఇప్పటికే దాదాపు ఛాసిస్‌కి తగులుతోంది. అంటే ఇక పైకి వెళ్లడానికి చోటు లేదు. ముందు అది సరిచెయ్యి.

లింకుల కోసం దాచిన డబ్బు షాకప్‌లకి పెట్టమనే నా మాట. గుంటల దారిలో షాకప్ చేసేదల్లా ఊపుని వేడిగా మార్చడమే. సన్నటి షాకప్‌లో నూనె తక్కువ, కాసేపటికే కాగి పల్చబడుతుంది. బండి పడవలా ఊగడం మొదలైందంటే షాకప్ చేతులెత్తేసినట్టే. లావు బాడీ, విడిగా నూనె డబ్బా (రిజర్వాయర్) ఉన్నవి తీసుకో. బైపాస్ రకమైతే మధ్యలో మెత్తగా, చివరికొచ్చేసరికి గట్టిగా ఉండేలా విడివిడిగా తిప్పుకోవచ్చు. పైన, హౌసింగ్ ఛాసిస్‌కి కొట్టుకోకుండా మెత్తగా ఆపే హైడ్రాలిక్ బంప్ స్టాప్ ఒకటి పెడితే నడుముకి మంచిది.

ఇక లింకులు. నాలుగు లింకులకి పక్కకి పట్టే రాడ్ కలిపిన ఏర్పాటు ల్యాండ్ క్రూయిజర్ 80కి, నిస్సాన్ పెట్రోల్ వై61కి ఫ్యాక్టరీ నుంచే ఉంది, ఎడారుల్లో వాటికి మంచి పేరు. కానీ పక్కకి పట్టే ఆ ప్యాన్‌హార్డ్ రాడ్ ఎక్కువ ట్రావెల్‌కి, అంటే చక్రం పైకీ కిందికీ ఎక్కువ కదిలే బండికి, పనికిరాదు. 36 అంగుళాల రాడ్ అడ్డంగా ఉన్నచోటి నుంచి హౌసింగ్ 10 అంగుళాలు పైకి లేస్తే దాదాపు ఒకటిన్నర అంగుళం పక్కకి జరుగుతుంది. వేగంలో అది స్టీరింగ్ పట్టుకున్నవాడికి తెలుస్తుంది. అందుకే పై లింకులు రెండూ వి ఆకారంలో పెడతారు, రాడ్ అక్కర్లేదు. ఆ రెండూ సన్నటి వి అయితే మాత్రం హౌసింగ్ పక్కకి ఊగుతుంది.

బలం ఎక్కడికి పోతుందో లెక్క వేసుకో. టైరు మధ్య నుంచి నేలకి 17 అంగుళాలు, కింది లింకులు యాక్సిల్ మధ్యకే ఉన్నాయి, పై లింకులు వాటికి ఎనిమిదిన్నర అంగుళాలు పైన అనుకో. టైర్లు నేలను ఎంత బలంతో తోస్తాయో పై లింకుల మీద కలిపి దానికి రెండింతలు పడుతుంది, కింది వాటి మీద మూడింతలు. నేను మొదటిసారి కట్టినప్పుడు పై బ్రాకెట్‌ను హౌసింగ్ ట్యూబు మీద నేరుగా వెల్డింగ్ పెట్టాను. వెల్డింగ్ గట్టిగానే నిలిచింది. దాని పక్కన ట్యూబే చీలింది, చిరిగిన డబ్బా మూతలాగ. వెనక చక్రాలు వంకరగా ఈడ్చుకుంటూ రాత్రంతా నడిచి వచ్చిన బండి అది. ఇప్పుడైతే హౌసింగ్ పైన మందపాటి ట్రస్, అంటే గొట్టాన్ని బలపరిచే చట్రం, కట్టి, దానికే బ్రాకెట్లు పెడతాను.

కోణాల దగ్గర చాలామంది పొరపడతారు. పై, కింది లింకులు ముందు దగ్గరలోనే కలిసేట్టు పెడితే, తొక్కగానే వెనకభాగం లేచి గట్టిపడుతుంది. నిలబడ్డ చోటి నుంచి దూకడానికి బాగుంటుంది. గుంటల్లో మాత్రం తన్నేస్తుంది. ఎడారికి లింకులు పొడుగ్గా, చదునుగా, ఇంచుమించు సమాంతరంగా ఉండాలి. బండి ఎత్తు పెంచి, కింది లింకుల ఛాసిస్ కొసలు బాగా పైకి వదిలేశావనుకో, మలుపులో బయటి చక్రం వెనక్కి జరిగి హౌసింగే కాస్త తిరుగుతుంది, తోక జారుతుంది.

పెద్ద పందెం ట్రక్కుల్లా కింది లింకునే లావు పెట్టె చేసి దాని మీద షాకప్ పెడతానన్నావు. 1967 నుంచి నడుస్తున్న మెక్సికో బాహా పందెంలో ఈ రోజు ముందు వరస ట్రక్కులకి వెనక 30 అంగుళాల ట్రావెల్ ఉంటుంది, అంత పొడుగు షాకప్ నిలబెట్టడానికి చోటుండదు కాబట్టి అలా చేస్తారు. చక్రం 10 అంగుళాలు కదిలితే షాకప్ 7 కదిలేలా పెట్టావనుకో, అంగుళానికి 400 పౌండ్ల స్ప్రింగు చక్రం దగ్గర 200 కూడా ఉండదు, ఎందుకంటే ఆ నిష్పత్తి రెండుసార్లు హెచ్చవేయాలి. పైగా లాగుడు, తోపుడు మాత్రమే తెలిసిన లింకు ఇప్పుడు వంగుడు కూడా భరించాలి. 16 అంగుళాలు చాలనుకునే నీ బండికి ఇదెందుకో నాకు అర్థం కాలేదు.

ఏది వేసినా ఒక పని తప్పించుకోకు. స్ప్రింగులు తీసేసి హౌసింగ్‌ను జాకీ మీద పెట్టి కింద నుంచి పై దాకా అంగుళం అంగుళం ఎత్తు. తర్వాత ఒక చక్రం పైకి, ఒకటి కిందికి. ప్రొపెల్లర్ షాఫ్ట్ కీలు (క్రాస్) ఎక్కడ బిగుసుకుంటోంది, దాని జారే ముక్క (స్లిప్) ఎంత బయటికి వస్తోంది, బ్రేకు గొట్టం సాగుతోందా, టైరు బాడీకి రాస్తోందా, అన్నీ సుద్దతో రాసుకో. హౌసింగ్ కిందికి దిగేటప్పుడు ఆపాల్సింది లిమిట్ స్ట్రాప్ అనే గుడ్డ పట్టీ, షాకప్ కాదు. షాకప్ రాడ్ పూర్తిగా సాగడానికి ఓ అర అంగుళం ముందే లిమిట్ స్ట్రాప్ బిగియాలి. ఆ స్ట్రాపులు వాడేకొద్దీ సాగుతాయి, ఆరునెలలకోసారి కొలుచు.

ఆదివారం ఆ కొలతలు నాకు పంపు. లింకుల మాట అప్పుడు తేలుద్దాం. ఈలోగా కమాన్లు విప్పితే వాటిని హౌసింగ్‌కి కట్టే యూ బోల్టులు పాతవే బిగించకు, ఒకసారి సాగినవి మళ్లీ పట్టవు.

మీ మామయ్య