కాగితం మీద స్వస్థపరచకు

ప్రియమైన తమ్ముడికి,

ప్రభువు నామంలో వందనాలు.

చెన్నై పెరంబూరులో మీ సంఘంవాళ్లు వచ్చే నెల జ్ఞాపకార్థ కూటంలో చదవడానికి చనిపోయిన ఆ అబ్బాయి గురించి రాయమన్నారని, మొదటి పేజీ కూడా పంపావు. చదివాను. "ఆ ఇంటికి దేవుడు పంపిన దేవదూత" అని మొదలుపెట్టావు. ఆ పేజీ పక్కన పెట్టేయ్. పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీతో, అంటే మెదడు దెబ్బతిని ఒళ్లు అదుపులో ఉండని స్థితితో, మెడ నిలవక, మాట రాక 26 ఏళ్లు బతికిన మనిషి అందులో ఎక్కడా కనబడలేదు. దేవదూత అనేసరికి అతని ఒళ్లు, ఆకలి, ఇష్టాలు, కోపాలు అన్నీ చెరిగిపోయాయి.

ముందు ఆ ఇంటికి వెళ్లు. "ఎలా భరించారమ్మా?" అని మాత్రం అడగకు. ఆ ప్రశ్నకు వాళ్లమ్మ ఇన్నేళ్లుగా అందరికీ చెప్పే జవాబే నీకూ చెబుతుంది. ఒక మామూలు రోజు చెప్పమను. పొద్దున మొదట అతని దగ్గరికి ఎవరు వెళ్లేవారు, రాత్రి పక్క ఎవరు మార్చేవారు, గడ్డం ఎవరు గీసేవారు, ఏ రోజున. 26 ఏళ్ల మగవాడికి గడ్డం పెరుగుతుంది. "పసివాడు" అని రాసేవాళ్లందరూ మర్చిపోయేది అదే. ఒక్కసారిలో అంతా రాబట్టాలని చూడకు. వారం ఆగి మళ్లీ వెళ్లు. రెండోసారి తండ్రితో, తోబుట్టువులతో విడివిడిగా మాట్లాడు. ఫిజియోథెరపీ చేసినవాళ్లు ఉంటే వాళ్లనూ, ఆసుపత్రికి తీసుకెళ్లిన ఆటో అతన్నీ అడుగు.

అన్నం దగ్గర ఎక్కువసేపు ఆగు. ఇలాంటివాళ్లకు మింగడమే పెద్ద గండం. పడుకోబెట్టి తినిపిస్తే, గబగబా పెడితే ముద్ద ఊపిరితిత్తుల వైపు పోతుంది. న్యుమోనియా చాలాసార్లు అలాగే మొదలవుతుంది. చాలామందికి చిక్కటి జావ కంటే మంచినీళ్లు, చారు లాంటి పలచనివే ప్రమాదం, గొంతు సర్దుకునేలోపే జారిపోతాయి. అందుకే వీపు నిటారుగా ఆనించి, గడ్డం కాస్త కిందికి వంచి, అరచెంచా పెట్టి, గుటక పడిందాకా ఆగాలి. తిన్నాక కూడా అరగంట కూర్చోబెట్టే ఉంచాలి. "తల్లి ఎంతో ఓపికగా తినిపించేది" అని రాస్తే వినేవాళ్లకు ఏమీ కనబడదు. మెత్తగా నలిపిన పప్పన్నం, అరచెంచా, గొంతు కదిలిందో లేదో చూసుకోవడం, మళ్లీ అరచెంచా, ఒక పూటకు ఎంతసేపు పట్టేదో ఆ లెక్క: ఇవి రాస్తే ఓపిక అనే మాటే నీకు అక్కర్లేదు.

అయితే ఇక్కడే ఇంకో పొరపాటు జరుగుతుంది. తల్లి కష్టం రాస్తూ రాస్తూ అమ్మ గురించి మంచి వ్యాసం రాసేస్తారు, కొడుకు మంచం మీద సామానులా మిగిలిపోతాడు. చిత్తుప్రతి అయ్యాక ఎర్ర పెన్ను తీసుకుని, అతను కర్తగా ఉన్న వాక్యాల కింద గీత గియ్యి. సగం కూడా లేకపోతే మళ్లీ ఆ ఇంటికి వెళ్లాల్సిందే. మాట లేనంత మాత్రాన ఇష్టం లేకుండా పోదు. అవునంటే కళ్లు పైకెత్తేవాడా? ఏ ముద్దను నాలుకతో తోసేసేవాడు? ఎవరి అడుగుల చప్పుడుకు తల తిప్పేవాడు? ఎవరొస్తే ఒళ్లు బిగుసుకునేది? నొప్పితో అరిచిన రాత్రులు ఉండే ఉంటాయి. "ఏనాడూ విసుక్కోలేదు" అని రాయకు.

గుడి (చర్చి) సంగతీ అడుగు. గుమ్మం ముందు 3 మెట్లున్నాయనుకో. ఒక్కోటి 6 అంగుళాలైతే మొత్తం అడుగున్నర ఎత్తు. చక్రాల కుర్చీ ఎక్కేలా అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు చొప్పున వాలు కట్టాలంటే 18 అడుగుల పొడవు కావాలి, చాలా గుళ్లకు అంత ముంగిలే ఉండదు. అలాంటిచోట మనుషులే ఎక్కించాలి: కుర్చీ వీపు మెట్ల వైపు తిప్పి, వెనక్కి వాల్చి, పెద్ద చక్రాల మీద ఒక్కో మెట్టూ లాగాలి. ముందున్నవాళ్లు కుర్చీ చట్రం పట్టుకోవాలి గానీ, ఊడొచ్చే కాళ్ల పలకలు పట్టుకోకూడదు. మీ గుడిలో ప్రతి ఆదివారం అలా ఎవరు పట్టారో వాళ్ల పేర్లు రాయి. పక్షవాయువుగలవాణ్ణి నలుగురు మోసుకొచ్చారని మార్కు సువార్త లెక్కతో సహా చెప్పింది.

ప్రభువు బల్ల, అంటే గుడిలో ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం అతనికి అందేవా? రొట్టె ఎంత ముక్క, ఎలా మెత్తబరిచేవారు, లేక పెదవులకు తాకించేవారా? బాప్తిస్మం సంగతి ఇంకా సున్నితం. నోటితో ఒప్పుకుంటేనే బాప్తిస్మమిచ్చే సంఘంలో, నోరు లేనివాడి గురించి పెద్దలు ఏం నిర్ణయించారు? ఇవ్వకపోతే ఇవ్వలేదనే రాయి. అతని మనసులో జరిగింది మాత్రం నువ్వు కల్పించకు. "యేసును రక్షకుడిగా అంగీకరించాడు" అని రాయడానికి నీ దగ్గర సాక్ష్యం లేదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో ఫలానా పాట ఎత్తుకోగానే ఏడుపు ఆపేవాడని వాళ్ల చెల్లెలు చెబితే, ఆమె చెప్పినట్టు అంతవరకే రాయి. అది చాలు.

ఇక నీ పేజీ చివరి వాక్యం: "ఇప్పుడతను పరలోకంలో పరుగులు తీస్తున్నాడు." తల్లి ఆ మాటంటే ఆమె మాటగా రాయి, ఆ ఆశ ఆమెది. నీ మాటగా రాయకు. రెండో సమూయేలు 9వ అధ్యాయం తీసి చదువు. అయిదేళ్లప్పుడు దాది చేతుల్లోంచి పడి రెండు కాళ్లూ కుంటివైన మెఫీబోషెతు దావీదు రాజు బల్ల దగ్గర భోంచేస్తాడన్న మాట ఆ ఒక్క అధ్యాయంలో 4 సార్లు వస్తుంది. చివరికి కాళ్లు బాగయ్యాయని ఉంటుందా? ఉండదు. రోజూ రాజు బల్ల దగ్గరే తినేవాడని చెప్పి, కాళ్లు రెండూ కుంటివని చెప్పి ఆ అధ్యాయం ఆగిపోతుంది. రాసినవాడు అతన్ని కాగితం మీద స్వస్థపరచలేదు. బల్ల దగ్గర చోటు కాళ్లను బట్టి రాలేదని తెలియాలంటే ఆ కుంటితనం చివరిదాకా ఉండాలి. చనిపోయి లేచిన ప్రభువు కూడా గాయాలున్న చేతులే శిష్యుడు తోమాకు చూపించాడు.

స్వస్థత కూటాలకు తిప్పి ఉంటారు. "మీ విశ్వాసం చాలలేదు" అని ఎవరో అనే ఉంటారు. చెప్పాలా వద్దా అన్నది తల్లిదండ్రుల ఇష్టం. చెప్పమంటే, అన్నవాళ్ల పేరు లేకుండా చెప్పు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి, వీడు పాపం చేశాడా, కన్నవాళ్లా అని శిష్యులు అడిగినప్పుడు ఇద్దరూ కాదని యోహాను 9లో ప్రభువే చెప్పాడు. దానికి నీ ప్రసంగం తోడవనక్కర్లేదు.

ఇంకొకటి, చాలా జాగ్రత్తగా అడగాల్సింది. ఇలాంటి బిడ్డను కన్నవాళ్ల మొదటి భయం "మా తర్వాత వీణ్ణెవరు చూస్తారు?" అన్నదే. 18 నిండాక చట్టప్రకారం సంరక్షకులు కావాలంటే 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ కాగితాలుంటే చూపించమను, ఆ భయం ఎప్పటిదో తేదీతో సహా తెలుస్తుంది. ఇప్పుడు అతనే ముందు వెళ్లిపోయాడు. వాళ్ల దుఃఖంలో కాస్త ఊపిరి తీసుకోవడం కూడా కలిసి ఉండొచ్చు, దానికి వాళ్లు సిగ్గుపడుతూ ఉండొచ్చు. వాళ్లంతట వాళ్లు చెప్తే తప్ప నువ్వు ఊహించి రాయకు.

స్నానం, డైపర్లు, పుండ్లు తీసేయ్. నువ్వు చూసినా సరే, నిండు సభలో వినిపించుకోవడానికి అతను ఒప్పుకోలేదు, ఒప్పుకోగలిగే వీలూ లేదు. ఫిట్స్ వచ్చేవని ఒక్క మాట చాలు, వర్ణన వద్దు. వైకల్య సర్టిఫికెట్‌లోని శాతం కూడా వద్దు.

400 మాటలు దాటనివ్వకు, నెమ్మదిగా చదివితే అయిదు నిమిషాలు పైనే పడుతుంది. గ్రాంథికం వద్దు, మీ పేటలో మాట్లాడే తెలుగే రాయి. చెన్నైలో పుట్టిన పిల్లల్లో తెలుగు మాట్లాడినా చదవలేనివాళ్లు చాలామంది. అతని తమ్ముడో చెల్లెలో చదువుతామంటే తమిళ లిపిలో ఇంకో ప్రతి రాసి ఇవ్వు, పెద్ద అక్షరాలతో, పేజీకి ఒక వైపే. కూటానికి రెండు రోజుల ముందు తల్లి ఒక్కదానికే ఇంట్లో చదివి వినిపించు. ఆమె కొట్టేయమన్నది వాదించకుండా కొట్టేయ్. ఆ తర్వాత పాస్టరుగారికి ఇవ్వు, ముందు మాత్రం ఇవ్వకు.

ప్రభువునందు,
నీ అక్క