మెడిగ్యాప్ తిరస్కరించారా? ముందు ఇవి చూడండి

గుండెలో స్టెంట్ ఉందని మీ నాన్నగారికి మెడిగ్యాప్ (అమెరికాలో పెద్దవాళ్లకిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ కట్టని ఖర్చుల కోసం ప్రైవేటు కంపెనీలు అమ్మే అదనపు బీమా) ఇవ్వనన్నారని రాశారు. టెన్షన్ పడకండి, ఒక కంపెనీ కాదంటే అందరూ కాదన్నట్టు కాదు. స్టెంట్ వేసి ఎన్నాళ్లయిందన్నది ఒక్కో కంపెనీ ఒక్కోలా చూస్తుంది. ఒకే కంపెనీకి పనిచేసే ఏజెంట్ కాకుండా, పలు కంపెనీలవి అమ్మే ఏజెంట్‌ని అడగండి.

అంతకన్నా ముఖ్యం: పార్ట్ బి (మెడికేర్‌లో డాక్టర్ ఖర్చులు చూసే భాగం) మొదలై ఆరు నెలలు దాటాయా? 65 నిండాక ఆ ఆరు నెలల్లో ఆరోగ్యం చూసి కాదనడానికి వీల్లేదు. మెడికేర్ తన వంతు కట్టాక మిగతాది చెల్లించే ఉద్యోగపు బీమా పోతే, 63 రోజుల్లోపు అప్లై చేసినా అంతే. న్యూయార్క్, కనెక్టికట్‌లలో అయితే ఏడాదంతా ఈ హక్కుంది.

ఇవేవీ కుదరకపోతే మెడికేర్ అడ్వాంటేజ్, అంటే ప్రైవేటు కంపెనీ ద్వారా మెడికేర్ పొందే ప్లాన్. ఆరోగ్య ప్రశ్నలుండవు, అక్టోబర్ 15 నుంచి డిసెంబర్ 7 వరకు చేరొచ్చు. చేరేముందు ఆయన కార్డియాలజిస్ట్ ఆ ప్లాన్ నెట్‌వర్క్‌లో (ఒప్పందం ఉన్న డాక్టర్ల జాబితాలో) ఉన్నారో లేదో తప్పక చూడండి. మీ రాష్ట్రంలోని షిప్ (SHIP, మెడికేర్‌పై సలహాలిచ్చే ప్రభుత్వ కార్యక్రమం) కౌన్సెలర్లు ఉచితంగా సాయం చేస్తారు, వాళ్లకు కమిషన్ గొడవ లేదు.