బాణం గీసే ముందు

ఎంవీపీ కాలనీ,
విశాఖపట్నం

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నిన్న ఫోన్ పెట్టేశాక కూడా నీ థీసిస్ గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. "గైడ్ మీడియేషన్ చెయ్యమన్నారు మామయ్యా, ప్రాసెస్‌లో నాలుగో మోడల్ పెట్టి రన్ చేస్తే అయిపోతుందట" అన్నావు. ప్రాసెస్ అనే ఆ స్టాటిస్టిక్స్ టూల్ రన్ చెయ్యడం పది నిమిషాల పని. దానికి ముందు చెయ్యాల్సిన పని గురించే ఈ ఉత్తరం.

నీ ప్రశ్న నాకు చాలా నచ్చింది. గాజువాక వైపు ఫ్యాక్టరీల్లో నైట్ షిఫ్టులు ఎక్కువ చేసేవాళ్లకు ఇంట్లో చిరాకు ఎక్కువా? అయితే అది నిద్ర తగ్గడం వల్లేనా? ఈ రెండో మాటే మీడియేషన్, అంటే ఒకటి ఇంకొకదాన్ని మధ్యలో మూడోదాని ద్వారా కదిలించడం. అదే నైట్ షిఫ్టుల వల్ల చిరాకు పెరగడం పెళ్లయినవాళ్లలో ఎక్కువా, కానివాళ్లలో ఎక్కువా అని అడిగితే అది మోడరేషన్. వైవాలో ఈ రెండింటినీ కలిపేసినవాళ్లను చాలామందిని చూశాను, నువ్వు కలపకు.

లెక్క ఒకసారి చేత్తో చేసి చూడు. అంకెలు ఊరికే ఊహించుకుందాం. నెలలో ఒక్కో నైట్ షిఫ్ట్ పెరిగితే రోజు నిద్ర 0.2 గంట తగ్గింది, అంటే 12 నిమిషాలు. షిఫ్టుల నుంచి నిద్రకు వెళ్లే దీన్ని 'ఏ' (A) దారి అందాం, విలువ మైనస్ 0.2. షిఫ్టుల సంఖ్య ఒకేలా ఉన్నవాళ్లలో నిద్ర గంట పెరిగితే చిరాకు స్కోరు 3 తగ్గింది. నిద్ర నుంచి చిరాకుకు వెళ్లే ఇది 'బీ' (B) దారి, మైనస్ 3. రెండూ గుణిస్తే ప్లస్ 0.6. అంటే ఒక్కో నైట్ షిఫ్ట్ నిద్ర ద్వారా చిరాకును 0.6 పెంచింది. ఇదే ఇన్‌డైరెక్ట్ ఎఫెక్ట్. మొత్తం ప్రభావం 0.8 అయితే మిగిలిన 0.2ను డైరెక్ట్ ఎఫెక్ట్ అంటారు. ఆ పేరు చూసి మోసపోకు. గాజువాక నుంచి జగదాంబకు ఎన్‌ఏడీ మీదుగా వెళ్లేవాళ్లను లెక్కపెట్టావనుకో, మిగతా వాళ్లంతా ఎక్కడా మలుపు లేకుండా వచ్చారని కాదు కదా. సింధియా మీదుగా వచ్చినవాళ్లూ అందులోనే ఉంటారు. ఆ 0.2లో నువ్వు కొలవని దారులన్నీ ఉన్నాయి.

మా తరమంతా 1986లో బారన్, కెన్నీ రాసిన వ్యాసంలోని మెట్లు పట్టుకునే నడిచింది. మొత్తం ప్రభావం కాకతాళీయం కాదనిపించేంతగా, అంటే సిగ్నిఫికెంట్‌గా రాకపోతే అక్కడితో ఆపేసేవాళ్లం. ఇప్పుడు ఆ నియమం అక్కర్లేదు. రెండు దారులు ఎదురెదురుగా లాగితే మొత్తం సున్నాకు దగ్గర పడొచ్చు, లోపల మాత్రం రెండూ పనిచేస్తూనే ఉంటాయి. 1990ల్లో నేను 60 మందితో ఒక స్టడీ చేసి, డైరెక్ట్ ఎఫెక్ట్ సిగ్నిఫికెన్స్ పోయింది కాబట్టి "ఫుల్ మీడియేషన్" అని, అంటే ప్రభావమంతా మధ్యదాని ద్వారానే వెళ్లిందని రాసేశాను. అంత చిన్న శాంపిల్‌లో అది పోవడం వింతేమీ కాదు. ఆ వాక్యం గుర్తొస్తే నాకు ఇప్పటికీ బాధే. నువ్వు ఆ మాటే వాడకు. ఇన్‌డైరెక్ట్ ఎఫెక్ట్ ఎంతో, దాని ఇంటర్వల్ ఎంతో, అంటే అది ఏ అంకె నుంచి ఏ అంకె దాకా ఉండొచ్చో రాయి, చాలు.

ఇంటర్వల్‌కు బూట్‌స్ట్రాప్ వాడు. 'ఏ', 'బీ'ల గుణకారం గుడి గంట ఆకారంలో రాదు, ఒక పక్కకు వాలుతుంది. అందుకే ఆ గంట ఆకారం ఉందనుకుని లెక్కేసే పాత సోబెల్ టెస్ట్ చిన్న శాంపిల్స్‌లో బలహీనం. బూట్‌స్ట్రాప్ అంటే, నీ 200 మంది చీటీలు సంచిలో వేసి, ఒకటి తీసి రాసుకుని మళ్లీ సంచిలో వేస్తూ 200 సార్లు తీసినట్టు. అలా 5000 శాంపిల్స్ తీసి, ప్రతిసారీ ఆ గుణకారం చేసి, మధ్యలోని 95 శాతం చూస్తారు. అందులో సున్నా లేకపోతే ఇన్‌డైరెక్ట్ ఎఫెక్ట్ ఉందని రాయొచ్చు.

కానీ అమ్మా, ఇంత చేసినా ఏది కారణమో, ఏది ఫలితమో చూపే బాణం ఎటు తిరగాలో కంప్యూటర్ చెప్పదు. చిరాకుతో గొడవపడి పడుకున్నవాడికి నిద్ర పట్టదు. నువ్వు బాణం తిప్పి గీసినా సాఫ్ట్‌వేర్ నోరెత్తకుండా అంకెలు ఇస్తుంది. నీ ప్లాన్‌లో మూడు ప్రశ్నావళులూ ఒకే రోజు, ఒకే పిన్ను కొట్టి ఇస్తున్నావు. నాకు టెన్షన్ అంతా అక్కడే. షిఫ్ట్ చార్ట్ ముందే ఉంటుంది కదా, అది తీసుకో. మొదటి రోజు చిరాకు స్కేల్ ఒకసారి ఇవ్వు. తర్వాత రెండు వారాలు నిద్ర డైరీ రాయించు. చివర్లో అదే స్కేల్ మళ్లీ ఇచ్చి, మొదటి స్కోరును కంట్రోల్ చెయ్యి, అంటే దాన్నీ లెక్కలో కలుపు. కొందరు మధ్యలో మానేస్తారు, మానెయ్యనీ. ఒక్కరోజులో నింపించిన వెయ్యి ఫారాల కంటే ఆ మిగిలినవాళ్ల డైరీలే నాకు విలువైనవి.

అప్పుడు కూడా ఒక చిక్కు ఉంటుంది. అప్పుల బాధ ఉన్నవాడికి నిద్రా ఉండదు, ఓపికా ఉండదు. రేపు ఎవరైనా షిఫ్టులను లాటరీ తీసి పంచారనుకో, షిఫ్టుల నుంచి నిద్రకు వెళ్లే 'ఏ' (A) దారి శుభ్రమవుతుంది. 'బీ' (B) దారి కాదు, ఎందుకంటే నిద్రను ఎవరూ లాటరీలో పంచలేదు. కాబట్టి అప్పులు, పసిపిల్లలు, ఒంటి నొప్పులు, టీ అలవాటు లాంటివి అడిగి మోడల్‌లో పెట్టు. పెట్టలేనివి థీసిస్‌లో దాచకుండా చెప్పు.

ఆదివారం భోజనానికి వచ్చేటప్పుడు లాప్‌టాప్ వద్దు. షిఫ్టులు, నిద్ర, చిరాకు అనే మూడు డబ్బాలూ బాణాలూ తెల్ల కాగితం మీద పెన్సిల్‌తో గీసి తీసుకురా. అప్పుల డబ్బా ఎక్కడ పెట్టావో ముందు అదే చూస్తాను. అత్తయ్య ఉలవచారు పెడుతుందట.

ప్రేమతో,
మామయ్య